పాలు పొంగిన ఇల్లు

మా త్యాగరాజు కుర్చీ ఎక్కి స్మోక్ అలారానికి ప్లాస్టిక్ షవర్ క్యాప్ తొడిగాడు. హోమం పొగకి అది మోగిందంటే వీధి వీధంతా ఉలిక్కిపడుతుందట.

"అయ్యాక తీయడం మర్చిపోకురా" అన్నాను.

"మర్చిపోతే ఏముందమ్మా, ఇల్లు కాలినా చప్పుడుండదు" అన్నాడు. శుభమా అని గృహప్రవేశం చేసుకుంటూ ఇదేం మాట అన్నట్టు పురోహితుడు వాడి వంక చూశాడు.

అది ఏప్రిల్ చివరి వారం. కెనడాలో మేముండే రెజైనాలో గోడల నీడన నల్లబడిన మంచుకుప్పలు ఇంకా కరగలేదు. ఆ వారం దాటితే శుక్రమూఢం, దాని వెనకే ఆషాఢం. మళ్ళీ శ్రావణం దాకా ముహూర్తం లేదు. అందుకని ఊరి తూర్పు కొసన, నిన్నమొన్నటిదాకా గోధుమ పండిన నేల మీద వేసిన కొత్త వీధుల్లో ఇళ్ళు కొన్న మనవాళ్ళందరూ ఆ వారంలోనే గృహప్రవేశాలు చేసేసుకున్నారు. పొద్దున ఒకరింట్లో పాలు పొంగితే మధ్యాహ్నానికి పక్కింట్లో వ్రతం. పురోహితుడు ఒక్కడే. ఒకరి కారు దిగి ఇంకొకరి కారెక్కడంతోనే ఆయనకి సరిపోయింది.

ఆవు దొరకదు గనక ఆవుబొమ్మను ముందు పెట్టుకుని గడప దాటాం. నా కోడలు పద్మిని కొత్త గిన్నెలో పాలు పోసి గాజుపొయ్యి మీద పెట్టింది. మంట కనబడని పొయ్యి. అందరం గిన్నె చుట్టూ మూగాం. చాలాసేపు పాలు కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా లేచి అంచు దాటి పొర్లాయి.

"తూర్పుకే, తూర్పుకే!" అని మీనాక్షి వదిన చప్పట్లు కొట్టింది.

మీనాక్షి వదిన భర్త విశ్వేశ్వరరావు గారు యూనివర్సిటీలో రాళ్ళ గురించీ నేల గురించీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇక్కడి తెలుగువాళ్ళకి పెద్దదిక్కు. వాళ్ళూ ఈ కొత్త వీధుల్లోనే ఇల్లు తీసుకున్నారు. పంచాంగం ఆయనదే, మ్యాపులూ ఆయనవే. భోజనాలు కాగానే వంటింటి గట్టు మీద పెద్ద మ్యాపు పరిచి, మూలలు లేవకుండా ఒకపక్క కొబ్బరిచిప్ప, ఇంకోపక్క పులిహోర గిన్నె పెట్టారు.

"ఇదిగోనమ్మా, ఈ రోడ్డు చూడండి. మొన్నటిదాకా దీనికి ఇటూ అటూ ఒకే నియోజకవర్గం. జనాభా లెక్కలొచ్చాక కమిషన్‌వాళ్ళు హద్దులు మళ్ళీ గీశారు. ఒక్కో సీటులో జనం ఇంచుమించు సమానంగా ఉండాలి. తూర్పున ఇళ్ళు పెరిగిపోయాయి. అందుకని సరిగ్గా ఈ రోడ్డు మీదుగా కోసేశారు."

"కోశారేమిటండీ, గీశారనండి" అంది పద్మిని నవ్వుతూ.

"నాకు కోసినట్టే ఉందమ్మా. హియరింగ్‌కి వెళ్ళి మొత్తుకున్నానా, పాత పేటనీ కొత్త పేటనీ విడదీయకండి, ఒకే బడి, ఒకే గుడి, ఒకే కూరగాయల కొట్టు అని. శ్రద్ధగా విన్నారు, రాసుకున్నారు, థాంక్యూ చెప్పారు. గీత మాత్రం రోడ్డు మీదే ఉంది."

"మా ఊళ్ళో గట్టు జరపడానికి ఎవడో ఒకడు పార పట్టుకుని రావాలి" అన్నాను. "ఇక్కడ కూర్చున్న చోటనే ఊరు మారిపోతుందన్నమాట."

అందరూ నవ్వారు. కానీ సంగతి అదే. మేం అద్దెకుంటున్న పాతిల్లు రోడ్డుకి పడమట. అక్కడ ఎప్పటినుంచో ఉన్న ఎమ్మెల్యేనే మళ్ళీ నిలబడుతున్నాడు. పాలు పొంగిన కొత్తిల్లు రోడ్డుకి తూర్పున, కొత్త సీటులో. ఈ సీటుకి ఎవరూ లేరు. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఆ సీటు లోపల నివాసముంటున్న పార్టీ సభ్యులే ఓటేసి తేలుస్తారు. పైనుంచి ఎవరో టికెట్ ఇవ్వడం ఉండదు, గెలుచుకోవాలి. అక్టోబరులో అసలు ఎన్నికలు.

పద్మిని కొంగుతో చేతులు తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా మ్యాపు మీద మా కొత్త వీధి ఉన్నచోట వేలు పెట్టింది. "నేను నిలబడదామనుకుంటున్నా."

మందుల షాపులో రోజంతా నిలబడి మాట్లాడే మనిషే, ఇంట్లో గొంతు పెంచి ఎరగదు. త్యాగరాజుకి ముందే తెలుసని వాడి మొహం చూస్తే తెలిసింది. నాకు తెలీదు.

"మన వీధుల్లో ఇంతమంది పిల్లలున్నారా, బడి లేదు" అంది. "అవతలి పేట బడిలో గది చాలక బయట నిలిపిన ట్రైలర్ డబ్బాల్లో కూర్చోబెడుతున్నారు. అడిగేవాళ్ళు లేరు. మనలోంచి ఒక్కరైనా ఆ అసెంబ్లీలో కూర్చోవాలి కదండీ."

విశ్వేశ్వరరావు గారు సంచీలోంచి సభ్యత్వ కాగితాలు తీశారు. ఇంతమందీ మళ్ళీ ఒక్కచోట ఎప్పుడు దొరుకుతారని అక్కడికక్కడే పంచారు. ఎవరో అడిగారు, ఏ అడ్రస్ రాయాలండీ అని.

"ఇప్పుడెక్కడున్నాం? ఇక్కడేగా!" అన్నారాయన. "పాలు పొంగిందే ఇల్లు. సామాన్లదేముంది, మూఢం పోయాక అవే వస్తాయి."

సామాన్లు మూఢంలో కదపరు. పైగా అందరి అద్దెలూ జులై దాకా ఉన్నాయి, పిల్లల బళ్ళు జూన్ దాకా ఉన్నాయి. కొత్తిళ్ళ కింద బేస్‌మెంట్లు ఇంకా పూర్తికాలేదు. ఏ లెక్కన చూసినా శ్రావణంలో దిగడమే. అయినా ఆ రోజు నుంచి అందరి నోటా ఒకటే మాట, ఇల్లు మారామని. అందులో ఎవరికీ తప్పు కనబడలేదు. నాకూ కనబడలేదు.

అరవై దాటాక, మా ఆయన రాఘవులు పోయాక, మీనాక్షి వదినే నాకు తన బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. ఆ కాగితం మీద సంతకం దగ్గరికొచ్చేసరికి, "ఆ గడిలో మీ పేరు పట్టదు వదినగారూ, సుందరి అని పెట్టి ఊరుకోండి" అంది. నేను బాలత్రిపురసుందరి అని మొత్తం పెట్టాను. గడి దాటి కింది గీత మీదికి పోయింది. పోతే పోయింది.

*

మే నెల వచ్చేసరికి పద్మిని సాయంత్రాలు ఇంట్లో లేదు. షాపు మూయగానే షూస్ మార్చుకుని తూర్పు వీధుల్లోకి వెళ్ళిపోయేది. గాలి ఎంత విసురుగా ఉన్నా ఒక్కొక్క తలుపూ కొట్టేది. కొన్నాళ్ళు నేనూ వెంట నడిచాను. తలుపు తీసినవాళ్ళతో మాట్లాడుతుంటే ఇది మా పద్మినేనా అనిపించేది. ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినేది. వెంటనే జవాబు చెప్పేసేది కాదు. నేను చేస్తాను అనేది కాదు, నేను అడుగుతాను అనేది.

పొద్దున ఫ్రిజ్ తలుపుకి ఉపన్యాసం అంటించి, దోసె వేస్తూ చదివేది. నా మనవరాలు విద్య వెనకనుంచి తప్పులు పట్టేది.

"టూ లాంగ్ అమ్మా. నోబడీ లిజన్స్ దట్ లాంగ్."

"నువ్వు వింటున్నావుగా."

"ఐ లివ్ హియర్. ఐ హావ్ నో చాయిస్."

త్యాగరాజు కూరలో ఉప్పు తక్కువైందని సణిగాడు ఒకరోజు. "సాంబారు ఎవరు చేస్తారో ఆ మ్యాపులో రాశారా?"

"రాయలేదండీ. గరిటె ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళదే ఆ సీటు" అంది పద్మిని. గరిటె వాడి చేతికి దగ్గరగా ఉంది. వాడే లేచాడు.

పోటీ ఇద్దరి మధ్యే. రెండో మనిషి పేరు డార్లీన్. హైస్కూల్లో పాఠాలు చెప్పి మానేసింది. పుట్టింది ఇక్కడి పొలాల్లోనే. పద్మిని లెక్క ప్రకారం కొత్త సీటులోకొచ్చిన పాత వీధుల్లో డార్లీన్‌ది పైచెయ్యి. మనవాళ్ళ కొత్త వీధుల ఓట్లన్నీ పడితే పద్మిని గట్టెక్కుతుంది. పడకపోతే లేదు. ఆ వేసవంతా మా ఇంట్లో భోజనాల దగ్గర తిరిగిన మాట ఇదొక్కటే.

శుక్రవారాలు కొత్తింటికి వెళ్ళి దీపం పెట్టి వచ్చేదాన్ని. త్యాగరాజు దింపి, ఆఫీసు పని చూసుకుని మళ్ళీ వచ్చేవాడు. ఇల్లంతా ఖాళీ. దీపం, చాప, తులసికుండీ. పొయ్యి మీద పాలు పొర్లిన మరక ఎంత తోమినా పోలేదు. జూన్ మొదట్లో ఒక శుక్రవారం ఎవరో తలుపు కొట్టారు.

పెద్దావిడ. గడ్డిటోపీ, రబ్బరు బూట్లు. ఒక చేతిలో కాగితాల అట్ట, ఇంకో చేతిలో ఎర్రటి కాడల కట్ట. "డార్లీన్" అని గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది. నేను నా పేరు చెప్పాను. ఆవిడ పలకడానికి ప్రయత్నించి, సగంలో ఆగి, ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

నా భుజం మీదుగా లోపలికి చూసింది. తొంగిచూడాలని చూడలేదు, తలుపు తీసి ఉంటే ఎవరైనా చూస్తారు. ఖాళీ హాలు, చాప, దీపం. ఆ తర్వాత వెనక్కి తిరిగి వీధి వంక చూసింది. నేనూ చూశాను. ఇంటింటికీ ఒకేరకం ప్లాస్టిక్ మామిడాకుల తోరణం. ఇంటింటి గడపకీ పసుపు. ఒక్క ఇంటి ముందూ కారు లేదు, చెత్తబుట్ట లేదు, పిల్లవాడి సైకిల్ లేదు. గుమ్మాల్లో ప్రకటన కాగితాలు గాలికి కొట్టుకుంటున్నాయి.

"వేర్ ఈజ్ ఎవ్రీబడీ?" అంది.

"వర్క్" అన్నాను. పనిరోజు, మధ్యాహ్నం. అబద్ధమేమీ కాదు.

ఆవిడ తలూపింది. ఎర్రకాడల కట్ట నా చేతిలో పెట్టి, ఆకులు మాత్రం తినొద్దని సైగ చేసి, మెట్లు దిగి పక్కింటి తలుపు కొట్టడానికి వెళ్ళింది. అక్కడా ఎవరూ లేరు. ఆ పక్కింట్లోనూ లేరు. వీధి చివరిదాకా ఆవిడ టోపీ కనబడుతూనే ఉంది.

రూబార్బ్ అంటారు దాన్ని. గోంగూర పులుపు. ఎండుమిరపకాయలు వేయించి పచ్చడి నూరాను. రాత్రి భోజనాల దగ్గర పద్మిని రెండుసార్లు కలుపుకుంది.

"ఎక్కడిదత్తయ్యా ఇది?"

"కొత్తింటికి డార్లీన్ వచ్చింది. ఆవిడే ఇచ్చింది."

పద్మిని చెయ్యి కంచంలోనే ఆగింది. "లోపలికొచ్చిందా?"

"గుమ్మం దాకానే."

"ఏమడిగింది?"

"అందరూ ఎక్కడున్నారు అంది. పనికెళ్ళారన్నాను."

పద్మిని, త్యాగరాజు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పచ్చడి బాగుంది" అంది పద్మిని. అని కంచం పక్కకి జరిపింది.

*

అభ్యంతరం వారం తిరక్కుండానే వచ్చింది. కొత్త వీధుల్లో సభ్యత్వం తీసుకున్నవాళ్ళు అక్కడ నివాసం లేరు కాబట్టి వాళ్ళకి ఓటు ఉండకూడదని. డార్లీన్ స్వయంగా పద్మినికి ఫోన్ చేసి చెప్పిందట, నేను ఇలా రాశాను, నీ వెనక చేశానని అనుకోవద్దని. పద్మిని ఫోన్ పెట్టేసింది.

"మర్యాదస్తురాలు" అంది. తిట్టినట్టే అంది.

ఆ ఆదివారం పాతింట్లో అందరూ చేరారు. చెప్పులు గుమ్మం దాటి మెట్ల మీదికొచ్చాయి.

"నివాసం అంటే ఏమిటసలు?" విశ్వేశ్వరరావు గారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఇల్లు మనది. తాళాలు మన దగ్గరున్నాయి. కరెంటు మన పేర్న ఉంది. శాస్త్రోక్తంగా ప్రవేశించాం. ఇంకేం కావాలి?"

"లైసెన్సుల మీద పాత అడ్రసే ఉందండీ" అన్నాడు త్యాగరాజు.

"అదీ ఇదీ రెండూ ఉన్నాయిగా. రెండూ ఉన్నప్పుడు మనిషి మాటే కదయ్యా వినాలి."

"ఏ మనిషి?"

ఆయన నా వంక తిరిగారు. "సుందరమ్మగారు. ఆ ఇంట్లో ఈవిడ ఉండగా స్వయంగా చూసింది డార్లీన్. తానే చూశాక లేరని ఎలా అంటుంది? పార్టీ కమిటీ ముందు ఈవిడ వచ్చి ఇది మా ఇల్లు అంటే చాలు. నేను ఇంగ్లీషులో చెబుతాను."

"అబద్ధం చెప్పాలా?" అని అడిగాను.

"అయ్యో, రామ రామ! అబద్ధమెందుకమ్మా? మీ ఇల్లు కాదూ అది? పాలు పొంగించలేదూ మీరు?"

పొంగించాం. అది నిజమే. పద్మిని వంటింటి గుమ్మంలో టీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. అవుననీ అనలేదు, వద్దనీ అనలేదు.

కమిటీకి వెళ్ళే రోజు పొద్దున్నే మీనాక్షి వదిన ఫోన్ చేసింది. క్షేమసమాచారాలయ్యాక, "మా ఓటు కూడా మీ నోట్లోనే ఉంది వదినగారూ" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు రోజంతా చెవిలో ఉంది.

పద్మిని నా చీర ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. ఏనాడూ నా చీర ముట్టుకోనివ్వను, నేనే చేసుకుంటాను. కుచ్చిళ్ళు సర్దుతూ నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఏం చెప్పమంటావమ్మాయ్?" అన్నాను.

"అడిగినదానికి చెప్పండత్తయ్యా. చాలు."

తలెత్తి చూస్తే ఇంకోమాట అంటుందేమోనని చూశాను. ఎత్తలేదు. కుచ్చిళ్ళు చివరిదాకా సర్ది లేచింది.

*

చలికాలం మంచు మీద రాళ్ళు జరిపి ఆడుకునే క్లబ్బు హాలు అది. ఎండాకాలం మంచు తీసేసి సిమెంటు నేల మీద కుర్చీలు వేశారు. బయట దోమలు, లోపల చల్లదనం. పొడుగు బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నది ముసలి లాయరు. ఇటువైపు పద్మిని, త్యాగరాజు, విశ్వేశ్వరరావు గారు, నేను. అటువైపు డార్లీన్ ఒక్కతే. నన్ను చూసి తలూపింది. నేనూ ఊపాను. వెనక కుర్చీల్లో మనవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. విద్య కూడా వచ్చింది.

కాగితాలన్నీ అయ్యాయి. పద్మిని అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఏప్రిల్‌లో ఇల్లు చేతికొచ్చిందని, గృహప్రవేశం చేశామని, మారే పనిలో ఉన్నామని. మారే పనిలో అంటే ఎంతవరకు అని వాళ్ళు అడగలేదు. తర్వాత నన్ను పిలిచారు.

లాయరు నా పేరు చదవబోయి రెండో మెట్టు దగ్గరే కాలు జారినట్టు ఆగాడు. "మేడమ్" అనేశాడు. హాలంతా నవ్వింది. కొంచెం ఊపిరాడింది.

డార్లీన్ మిమ్మల్ని కలిసింది ఏ ఇంట్లో అని అడిగారు. కొత్తింట్లో అన్నాను. అది మీ ఇల్లేనా అన్నారు. అవునన్నాను. విశ్వేశ్వరరావు గారు నా ఒక్క మాటకీ పది మాటలు కలిపి చెప్పారు. మా వాళ్ళలో ఇల్లు అంటే ఏమిటి, పాలు ఎందుకు పొంగిస్తారు, మూఢమంటే ఆకాశంలో శుక్రుడు కనబడకపోవడం, అప్పుడు సామాన్లు ఎందుకు కదపరు, అన్నీ. ఆయనకి పాఠం చెప్పడం చేతనవును. బల్ల అవతల కూర్చున్న చిన్నావిడ కలం ఆపి వింది. పాలు ఏ దిక్కుకి పొంగాలి అని కూడా అడిగింది. తూర్పు అన్నారాయన. అటూ ఇటూ అందరి మొహాలూ వికసించాయి. త్యాగరాజు కుర్చీలో వెనక్కి వాలాడు.

లాయరు కాగితాలు దొంతిగా సర్దుతుంటే డార్లీన్ చెయ్యెత్తింది. పిల్లలు క్లాసులో ఎత్తినట్టే ఎత్తింది. మెల్లగా ఏదో అడిగింది. లాయరు సరేనన్నాడు.

విశ్వేశ్వరరావు గారు నా వైపు వంగారు. "రాత్రి ఎక్కడ పడుకున్నారని అడుగుతోందమ్మా." గొంతు ఇంకా తగ్గించారు. "చూసి చెప్పండి, సుందరమ్మగారూ."

వెనకనుంచి మీనాక్షి వదిన గాజుల చప్పుడు ఒక్కసారి వినబడి ఆగింది. పద్మిని నా వంక చూడలేదు. వేలికున్న ఉంగరాన్ని తిప్పుతోంది, ముందుకీ వెనక్కీ.

అది మా ఇల్లా అంటే మా ఇల్లే. అందులో నాకు అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆవిడ అడిగింది అది కాదు. నేను పడుకున్నది పాతింటి కింది గదిలో, కిటికీ పక్క మంచం మీద. ఆ మంచం కొత్తింట్లో లేదు. ఉందని ఎలా చెప్పను?

"పాతింట్లోనండీ" అన్నాను. "సామాన్లు శ్రావణంలో కదా."

విశ్వేశ్వరరావు గారు కళ్ళజోడు తీశారు. జేబురుమాలుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. నా మాట ఇంగ్లీషులో మాత్రం చెప్పలేదు. బల్ల అవతలివాళ్ళు ఆయన వంక చూస్తున్నారు. డార్లీన్ నా వంక చూస్తోంది.

పద్మిని ఉంగరం తిప్పడం ఆపింది.

"షీ సెడ్, ఇన్ ద ఓల్డ్ హౌస్" అంది. ఫ్రిజ్ ముందు చదివిన గొంతే, అంత స్పష్టంగానూ. ఇంకోమాట కూడా కలిపింది. "వుయ్ ఆల్ స్లీప్ దేర్."

లాయరు రాసుకున్నాడు.

*

కొత్త వీధుల సభ్యత్వాలన్నీ ఆ సీటులో చెల్లవన్నారు. ఓటింగు రోజు మనవాళ్ళు వెనక వరసలో, చూడ్డానికి వచ్చినవాళ్ళ కుర్చీల్లో కూర్చున్నారు. పద్మిని మానుకుంటుందనుకున్నారు అందరూ. మానుకోలేదు. లేచి బడి గురించి మాట్లాడింది. విద్య కోరినట్టు పొట్టిగానే మాట్లాడింది. చప్పట్లు బాగానే పడ్డాయి. ఓట్లు డార్లీన్‌కి పడ్డాయి. పద్మిని ఆవిడ దగ్గరికెళ్ళి చెయ్యి కలిపి, పక్కనే నిలబడి ఫొటో కూడా దిగింది.

కారులో త్యాగరాజు అద్దంలోంచి నన్ను చూశాడు. "చూసి చెప్పమన్నారు కదమ్మా."

"చూసే చెప్పానురా."

"ఊరుకోండి" అంది పద్మిని. ఎవర్నంటోందో తెలియలేదు.

ఆ తర్వాత నన్ను ఒక్కమాటా అనలేదు. అనకపోవడమే కష్టమైంది. కాఫీ తీసుకోండి, మాత్రలు వేసుకోండి, విద్య ఎప్పుడొస్తానంది, అంతే మాటలు. మునుపు షాపు నుంచి రాగానే నా మంచం మీద కూర్చుని ఎవరు ఏ మందుకి ఎలా పేచీ పెట్టారో చెప్పి నవ్వించేది. ఇప్పుడు తిన్నగా మేడ మీదికి వెళ్ళిపోయేది. నేను చెప్పింది నిజమే, దాన్ని ఇంగ్లీషులో అందరికీ వినబడేలా చెప్పింది తనే. అందుకేనేమో, నా మీద కోపం తెచ్చుకోవడానికి దారి లేకుండాపోయింది తనకి. నాకూ అడగడానికి దారి లేదు.

విశ్వేశ్వరరావు గారు గుళ్ళో కనబడితే నమస్కారం పెట్టి పక్కకి తప్పుకున్నారు. మీనాక్షి వదిన మంగళవారం పాఠాలకి ఇంట్లో పనుందంది. మరుసటి మంగళవారమూ పనే ఉంది. నేను చదువుతున్న పుస్తకం ఆవిడ బేస్‌మెంట్‌లోనే ఉండిపోయింది.

శ్రావణం రాగానే లారీలొచ్చాయి. అందరూ ఒకే వారంలో దిగారు. ఈసారి పాలు పొంగించలేదు, చప్పట్లు లేవు. సోఫాలు, మంచాలు, బియ్యం బస్తాలు. సాయంత్రానికి వీధి పొడుగునా దీపాలు వెలిగాయి. తోరణాల కింద చెప్పులు, వాకిట్లో సైకిళ్ళు, పప్పు పోపు వాసన. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఇప్పుడు వచ్చి తలుపు కొడితే ప్రతి ఇంట్లోనూ మనిషి పలుకుతాడు.

సెప్టెంబరులో మీనాక్షి వదిన ఒకరోజు గేటు దగ్గర నిలబడి, "మీ పుస్తకం" అని చేతిలో పెట్టింది. "లోపలికి రండి వదినగారూ" అన్నాను. "ఇంకోసారి" అంది. లోపల మేం ఆగిన చోట అగరొత్తి పుల్ల గుర్తు అలాగే ఉంది. తీసెయ్యలేదు.

*

అక్టోబరులో అసలు ఎన్నికల రోజున సన్నగా మంచు రాలుతోంది. త్యాగరాజు పొద్దున్నే వేసేశాడు. పద్మిని షాపు నుంచి వచ్చి, కోటు విప్పకుండానే, "పదండి" అంది. కెనడాలో నాకు అదే మొదటి ఓటు. దారిలో ప్రతి మలుపులోనూ డార్లీన్ పేరున్న బోర్డులే. పద్మిని వాటి వంక చూడకుండా కారు నడిపింది.

చర్చి హాలులో వరస. నేను ముందు, పద్మిని నా వెనక. బల్ల దగ్గర చిన్నపిల్ల కూర్చుని ఉంది, ముక్కుకి పుడక. నా కార్డు తీసుకుని చూసింది. పేరు చూసి కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత అడ్రస్ చదివి, ఇప్పటికీ ఇక్కడే ఉంటున్నారా అని అడిగింది. ఆ మాత్రం నాకు అర్థమైంది. జవాబు చెప్పబోతుంటే వెనకనుంచి, నా చెవి దగ్గర, తెలుగులో వినబడింది.

"రాత్రి ఎక్కడ పడుకున్నారో కూడా చెప్పండత్తయ్యా."

తిరిగి చూశాను. పద్మిని పెదవి కొరుక్కుంటోంది. కళ్ళల్లో నీళ్ళో నవ్వో నాకు పోల్చుకోవడం తెలియలేదు. ఎన్ని నెలలకి విన్నాను ఆ వేళాకోళపు గొంతు!

బల్ల వైపు తిరిగాను. "యెస్" అన్నాను. "స్లీప్ ఆల్సో."

ఆ పిల్లకి ఏమీ అర్థం కాక నవ్వేసింది. వెనక పద్మిని పక్కకి తిరిగి దగ్గింది.

చీటీ ఇచ్చి, అడ్డంగా నిలబెట్టిన అట్ట వెనక్కి వెళ్ళమన్నారు. అక్కడ ఒక్కదాన్నే. పొట్టి పెన్సిలు దారంతో కట్టి ఉంది. చీటీ మీద పేర్లు ఒకదాని కింద ఒకటి. మీనాక్షి వదిన నేర్పినట్టు ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదువుకున్నాను. డార్లీన్ పేరు దగ్గర వేలు ఆగింది. ఎవరికి వేయాలో నాకు తెలుసు. అయినా వెంటనే వేయలేదు.

పద్మిని పేరు అందులో ఉండదని కూడా తెలుసు. వేలు జరుపుకుంటూ చిట్టచివరి పేరు దాకా చదివాను.